డిప్రెషన్ నుంచి తేరుకుంటున్న ఉద్యోగి మళ్లీ డ్యూటీలో చేరడం ఎలా? ఆక్యుపేషనల్ థెరపీ పద్ధతిలో అడుగడుగునా చేయాల్సిన పనులు

"మందులు వాడుతుండు, నిద్ర పడుతోంది, మంచిగనే మాట్లాడుతుండు. ఇగ డ్యూటీకి పంపొచ్చా?" నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే ఇంటివాళ్లు మొదట అడిగేది ఇదే. ఆఫీసు పెద్దల ప్రశ్న ఇంకోటి: "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చిండు కదా, ఎప్పటిలెక్క పని చెప్పొచ్చా?"

పంపొచ్చు. అయితే ఒక వరుస ఉంది. డిప్రెషన్‌లో మనసు తేలికపడ్డ తర్వాత కూడా ఏకాగ్రత, జ్ఞాపకం, పని వేగం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వెనకబడే ఉంటాయి. చూడటానికి మనిషి బాగైనట్టే ఉంటాడు. కుర్చీలో కూర్చోబెడితే రెండు గంటలకే చేతులెత్తేస్తాడు. ఈ ఎడం దాటించడమే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులను, ఉద్యోగాన్ని సాధనతో మళ్లీ అలవాటు చేయించే నిపుణుడు) పని.

మందులు, మోతాదులు డాక్టరు చూసుకునే సంగతులు. ఇక్కడ రాసేదంతా పని గురించే. ఉద్యోగి, ఇంట్లో ఒకరు, ఆఫీసులో ఒకరు ముగ్గురూ చదివితే మంచిది.

1. ముందు నలుగురిని కుదుర్చుకోండి

సైకియాట్రిస్టు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. భువనగిరి, చౌటుప్పల్ వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. ఎర్రగడ్డ (హైదరాబాద్ మానసిక వైద్యశాల) పేరు వింటేనే ఇంట్లో గొడవయ్యే చోట ఈ ఓపీలతో మొదలుపెట్టడం తేలిక.

ఆక్యుపేషనల్ థెరపిస్టు. అసలు చిక్కు ఇక్కడే. మన జిల్లాల్లో ఈ పేరుతో కనిపించే సెంటర్లు ఎక్కువగా పిల్లలవి. ఫిజియోథెరపీ వేరు, ఇది వేరు. హైదరాబాద్‌లో వెతుక్కోవాల్సి వస్తే ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి: బీఓటీ గానీ ఎంఓటీ గానీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా? మానసిక సమస్యలున్న పెద్దవాళ్లతో పని చేశారా? అవసరమైతే మా ఆఫీసుతో మాట్లాడతారా? మూడో ప్రశ్నకు కాదంటే ఇంకొకరిని చూసుకోండి. మొదటి రెండుసార్లు ఎదురెదురుగా కూర్చోవాలి, ఆ తర్వాత వీడియో కాల్ సరిపోతుంది. ఎవరూ దొరక్కపోతే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ సాయంతో ఇవే మెట్లు ఎక్కొచ్చు.

ఆఫీసులో ఒకరు. పని మార్చే అధికారం ఉన్నవారై ఉండాలి. ఓదార్చే స్నేహితుడు వేరే.

ఇంట్లో ఒకరు. ఒక్కరే. అత్త, బావమరిది, మేనత్త అందరూ తలా ఒక సలహా ఇస్తుంటే ఏ ప్లానూ నిలవదు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. పని ఒత్తిడితో వచ్చిన డిప్రెషన్ మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలన ఒకటి 2007లో వచ్చింది. మామూలు చికిత్సకు ఆక్యుపేషనల్ థెరపీ జతచేస్తే లక్షణాలు అదనంగా ఏమీ తగ్గలేదు, పనికి దూరమైన రోజులు మాత్రం తగ్గాయి. అంటే థెరపీ మందులకు బదులు కాదు, మందులు డ్యూటీ సాధనకు బదులు కావు.

2. మొదలుపెట్టే వేళ అయిందా?

ఇందులో నాలుగైనా ఉంటే తర్వాతి మెట్టుకు పోవచ్చు. ఇది చేరడానికి పరీక్ష కాదు, సాధన మొదలుపెట్టడానికి మాత్రమే.

☐ రెండు వారాలుగా రాత్రి ఆరు గంటలకు తగ్గకుండా నిద్ర
☐ స్నానం, తిండి, మందులు ఎవరూ వెంటపడకుండానే
☐ ఒకే పని మీద అరగంట కూర్చోగలగడం
☐ కిరాణా కొట్టుకో ఏటీఎంకో ఒక్కరే వెళ్లి రావడం
☐ ఈ మధ్య రెండు మూడు వారాల్లో మందుల్లో పెద్ద మార్పు లేకపోవడం
☐ ఆఫీసు మాటెత్తితే గుండె దడ వచ్చినా, లేచి వెళ్లిపోకుండా మాట్లాడగలగడం

ఇవి కనిపిస్తే ఆగి ముందు డాక్టరును కలవాలి:

☐ చనిపోవాలని మాటల్లో రావడం, అప్పగింతల్లా మాట్లాడటం
☐ నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, ఇష్టమొచ్చినట్టు ఖర్చు (ఇది బైపోలార్, అంటే కుంగుబాటు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు, సూచన కావొచ్చు)
☐ ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం
☐ రోజూ తాగుడు

చావు మాట వస్తే దాన్ని బెదిరింపుగా కొట్టేయొద్దు. మనిషిని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 108. పత్తి, వరి చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందో వసారాలోనో ఉంటాయి. ఆ రోజే తీసి ఇల్లు దాటించండి. మిగిలిన పాత మాత్రలనూ అంతే.

కల్లు సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అమ్మే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తు మందులు కలుపుతారు. అవి డిప్రెషన్ మందులతో కలిస్తే మత్తు పెరుగుతుంది. అలాగని అలవాటున్న మనిషి ఒక్క రోజులో మానేస్తే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టరు చెప్పిన తీరులోనే తగ్గించాలి.

3. రోజు పట్టిక: ఇంట్లో నాలుగైదు వారాలు

ఒక స్కూలు నోటుబుక్కు చాలు. మొదటి వారం ఏమీ మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. గంటగంటకూ మూడే గడులు: ఏం చేశాను, ఒంట్లో సత్తువ పదికి ఎంత, చేసిన తృప్తి పదికి ఎంత. "10-11: మంచం మీదనే, ఫోన్. సత్తువ 2, తృప్తి 0." ఇంత చాలు, వ్యాసం అక్కర్లేదు.

వారం తర్వాత నోటుబుక్కు ముందేసుకుని చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. సత్తువ ఏ వేళకు పుంజుకుంటోంది? డిప్రెషన్‌లో చాలామందికి పొద్దున చాలా బరువుగా ఉండి సాయంత్రానికి తేలికవుతుంది. రెండోది, తక్కువ సత్తువతో చేసినా తృప్తి ఇచ్చిన పని ఏది? కోళ్లకు గింజలు వేయడమో, మనుమరాలికి ఎక్కాలు చెప్పడమో ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ పనిని రోజూ పొద్దున పెట్టండి.

రెండో వారం నుంచి లేచే సమయాన్ని పట్టుకోండి. నిద్రపోయే సమయం మన చేతిలో ఉండదు, లేచే సమయం ఉంటుంది. డ్యూటీ పదిన్నరకైతే, ఎనిమిదింటి బస్సు పట్టుకోవాలంటే, ఆరింటికి లేవాలి. ఇప్పుడు తొమ్మిదింటికి లేస్తుంటే ఒక్కసారిగా ఆరుకు తేవొద్దు. మూడు రోజులకోసారి ఇరవై నిమిషాల చొప్పున వెనక్కి జరపండి. ఈ ఒక్క దానికే దాదాపు నెల పడుతుంది, అందుకే దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను.

ఆ తర్వాత రోజుకు మూడు రకాల పనులు చేర్చండి:

☐ ఒంటి పని: నడక, మొక్కలకు నీళ్లు, బండి కడగడం
☐ తల పని: పేపర్లో ఒక వార్త చదివి నాలుగు వాక్యాల్లో రాయడం, నెల ఖర్చు లెక్క వేయడం
☐ మనుషుల పని: ఒక ఫోన్, పక్కింటి అరుగు మీద పది నిమిషాలు

ఇంటివాళ్లు రెండు వైపులా తప్పు చేస్తారు. కొందరు "నువ్వు పండుకో బిడ్డా, నేను చేస్త" అని చేతిలో చెంబు కూడా లాక్కుంటారు. ఇంకొందరు "కూసుండి తింటుండు" అని చుట్టాల ముందు ఎత్తిపొడుస్తారు. పనిని మొదలుపెట్టడానికి సాయం చేయండి, పూర్తి చేయడం ఆ మనిషికి వదలండి.

4. ఉద్యోగాన్ని ముక్కలు చేయండి

మొత్తం మార్గదర్శిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ మెట్టుకే. "నాతోని కాదు" అనే మాటలో ఉద్యోగం మొత్తం ఒకే బండలా కనిపిస్తుంది. నిజానికి అందులో పది పదిహేను వేర్వేరు పనులుంటాయి, వాటిలో సగం ఇప్పుడే చేయగలిగినవి.

తెల్లకాగితం మీద చేసే పనులన్నీ రాయించండి. ప్రతి పనికీ నాలుగు ప్రశ్నలు వేయండి:

☐ ఆపకుండా ఎంతసేపు దృష్టి పెట్టాలి?
☐ ఎంతమందితో మాట్లాడాలి, వాళ్లు కోపంగా ఉంటారా?
☐ గడువు ఎంత బిగువుగా ఉంటుంది?
☐ తప్పు జరిగితే సరిదిద్దుకోవచ్చా, లేక డబ్బు, ప్రాణం మీదికి వస్తుందా?

జవాబులను బట్టి తేలిక, మధ్యస్థం, బరువు అని మూడు గుర్తులు పెట్టండి. ఒక మండల ఆఫీసు జూనియర్ అసిస్టెంటు కాగితం ఇలా తేలుతుంది.

తేలిక: టప్పాల్ (ఆఫీసుకు వచ్చే ఉత్తరాలు) రిజిస్టర్‌లో ఎక్కించడం. ఒక్కో ఉత్తరానికి రెండు నిమిషాలు, మధ్యలో లేచినా నష్టం లేదు, తప్పు పడితే కొట్టేసి రాయొచ్చు. పాత ఫైళ్లు సంవత్సరాల వారీగా కట్టలు కట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

మధ్యస్థం: డిస్పాచ్, స్కానింగ్, నమూనా ఉన్న మెమోలు టైపు చేయడం, చిన్న నోట్ ఫైలు. దృష్టి కావాలి కానీ గడువు రేపటిది.

బరువు: కౌంటర్ దగ్గర దరఖాస్తుదార్లతో మాట్లాడటం, ప్రజావాణి (సోమవారం జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) అర్జీల నివేదిక, సాయంత్రంలోగా కలెక్టరేటుకు పంపమని వచ్చే సమాచారం, నగదు లెక్క.

ఇదయ్యాక ఉద్యోగిని విడిగా అడగండి: "వీటిలో మీకు భయం వేసేది ఏది?" జవాబు చాలాసార్లు బరువు జాబితాలో ఉండదు. హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టడానికి నలుగురి బల్లలు దాటి పోవాల్సిన ఆ పది అడుగులే కొండంత కావొచ్చు. మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడు పడే ప్రశ్నలు కావొచ్చు. అది కూడా పనే, దాన్నీ కాగితం మీద రాసి మార్కు వేయాలి.

థెరపిస్టులు దీనికి వాడే కొలత ఒకటుంది, కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్. ముఖ్యమైన ఐదు పనులు ఎంచుకుని, "ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నాను", "దానితో నాకు ఎంత తృప్తి" అని ఒకటి నుంచి పది దాకా ఉద్యోగే మార్కులు వేసుకుంటాడు. ఆరేడు వారాల తర్వాత మళ్లీ వేస్తే, రెండు మార్కులు పెరిగితే నిజమైన మార్పుగా లెక్క. ఇంటివాళ్ల అంచనా, మేనేజర్ అంచనా ఇందులో కలపొద్దు.

ఒంటి బాధలను కూడా ఇక్కడే రాయండి. మర్రిగూడ, మునుగోడు వైపు వయసు మళ్లిన ఉద్యోగుల్లో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) వల్ల కీళ్ల నొప్పులుంటాయి. రోజంతా నొప్పితో కూర్చుంటే మనసు కుదురుకోదు, ఆ నెపం డిప్రెషన్ మీదికి పోతుంది. కుర్చీ మార్చడం, గంటకోసారి లేవడం లాంటివి అడగడానికి మొహమాటపడొద్దు.

5. చేరకముందే రిహార్సల్

తేలిక జాబితాలోని పనిని ఇంట్లో తయారు చేయండి. పాత రిజిస్టర్ నమూనా గీసి, కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, ఉత్తరాలు కట్టగా పెట్టి నమోదు చేయించండి. టీచరైతే ఒక పాఠానికి ప్లాను రాసి, అద్దం ముందు పది నిమిషాలు, తర్వాత ఇంట్లో పిల్లలకు ఇరవై నిమిషాలు చెప్పాలి. ప్యాకింగ్‌లో పని చేసే అమ్మాయికైతే నిలబడి ఉండే సమయాన్ని సాధన చేయించాలి, కంపెనీలో కూర్చోనివ్వరు కదా.

సాగాల్సిన తీరు: 20 నిమిషాలు, ఐదు నిమిషాల విరామం. అది మూడు రోజులు ఇబ్బంది లేకుండా సాగితే 45 నిమిషాలు. తర్వాత 90. చివరి మూడు రోజులు టీవీ చిన్నగా మోగుతుండగా, మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ప్రశ్న అడుగుతుండగా చేయాలి, ఎందుకంటే ఆఫీసులో నిశ్శబ్దం ఉండదు. తప్పులు లెక్కపెట్టి రాయండి. తప్పులు తగ్గుతున్నాయని కళ్లతో చూస్తే కలిగే ధైర్యం మాటలతో రాదు.

ప్రయాణాన్ని వేరే సాధనగా పెట్టండి. హైదరాబాద్ నుంచి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఒక్కో వైపు దాదాపు వంద కిలోమీటర్లు కూర్చుంటారు. కుర్చీ చేరేసరికే సత్తువ సగం అయిపోతుంది. ఇలా చేయండి:

☐ ఒక రోజు బస్టాండు దాకా వెళ్లి టీ తాగి రావడం
☐ ఇంకో రోజు ఆఫీసు ఉన్న ఊరిదాకా, రద్దీ లేని వేళ
☐ తర్వాత డ్యూటీ వేళకే, ఆఫీసు గేటు దాకా
☐ చివరగా లోపలికి వెళ్లి ఒక్కరిని పలకరించి రావడం

మొదటి రెండు నెలలైనా ఉద్యోగం ఉన్న ఊళ్లోనే గది తీసుకోవడం వీలైతే తీసుకోండి. ఖర్చు అంటారు, నిజమే. ఆ ప్రయాణం వల్లే మళ్లీ లీవు పెట్టిన వాళ్లను చూశాను కనుక చెప్తున్నాను.

మందు వేసుకున్న ఎన్ని గంటలకు మత్తుగా ఉంటోందో పట్టికలో రాయండి. బస్సు వేళకు ఇంకా మత్తు ఉంటే మాత్ర వేళ మార్చమని డాక్టరును అడగొచ్చు. సొంతంగా మార్చొద్దు. ఏప్రిల్, మేలో చేరేవాళ్లు ఎండ సంగతీ అడగాలి. లిథియం (మనసు నిలకడకు ఇచ్చే ఒక మందు) వాడుతుంటే ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం, మన నల్లగొండ ఎండలకు ఇది చిన్న మాట కాదు.

6. ఆఫీసుతో మాట, కాగితాలు

జబ్బు పేరు అందరికీ చెప్పాల్సిన పని లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రోగిది. నా సలహా: పై అధికారికి అవసరమైనంత చెప్పండి, తోటివాళ్లకు ఒక్క వాక్యం తయారుగా ఉంచుకోండి.

"ఏందన్నా, కనవడ్తనే లేవు, ఏమైంది?"
"పాణం బాగలేకుండె అన్నా. ఇప్పుడు మంచిగనే ఉన్న. ఈ టప్పాల్ ఏడిదాకొచ్చిందో జెర చెప్పు."

జవాబు చెప్పి వెంటనే పని మాటలోకి తిప్పాలి. ఇది ఇంట్లో పది సార్లు పలికించండి. వినడానికి చిన్నతనంగా ఉంటుంది, కానీ మొదటి రోజు నోరు ఎండిపోయినప్పుడు అలవాటైన వాక్యమే బయటికి వస్తుంది.

అధికారికి ఇచ్చే ఉత్తరం ఇంత పొట్టిగా ఉంటే చాలు:

"అనారోగ్యం వల్ల సెలవులో ఉన్న నేను ఫలానా తేదీన విధుల్లో చేరుతున్నాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేశాను. చికిత్స కొనసాగుతున్నందున మొదటి ఆరు వారాలు నాకు టప్పాల్, రికార్డు పనులు అప్పగించి, కౌంటర్, నగదు పనుల నుంచి మినహాయించగలరని, నెలకోసారి ఆసుపత్రికి వెళ్లడానికి అనుమతించగలరని మనవి. ఆరు వారాల తర్వాత సమీక్షించి పూర్తి పని తీసుకోగలను."

ఇందులో బలం చివరి వాక్యానిది. గడువు లేని మినహాయింపు అడిగితే ఏ అధికారైనా భయపడతాడు. తేదీ చెప్పి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

కాగితాల చిట్టా:

☐ ఫిట్‌నెస్ సర్టిఫికెట్. "ఈ సర్దుబాట్లతో ఫిట్" అని రాయగలరేమో డాక్టరును అడగండి.
☐ సెలవు లెక్క. ప్రభుత్వ ఉద్యోగి కమ్యూటెడ్ లీవు (సగం జీతం సెలవును పూర్తి జీతానికి మార్చుకునేది) వాడితే హాఫ్ పే ఖాతాలో రెట్టింపు రోజులు తగ్గుతాయి. మెడికల్ లీవుకు ఆనించి సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టడం కుదరదు.
☐ ఈఎస్‌ఐ కార్డు ఉంటే డిస్పెన్సరీ సర్టిఫికెట్లు. అర్హత ఉన్నవారికి అనారోగ్య భత్యం ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజులు, జీతంలో 70 శాతం.
☐ అన్నిటి జిరాక్సులు ఒక ఫైలులో, ఇంట్లోనే.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు చూపాలి. అయితే కొద్దినెలల్లో తగ్గే ప్రతి డిప్రెషనూ ఈ చట్టం కింద వైకల్యంగా లెక్కకు రాదు. అందుకే చట్టం పేరుతో మొదలుపెట్టకుండా ఉత్తరంతో మొదలుపెట్టమంటాను.

7. చేరే రోజు, మొదటి ఎనిమిది వారాలు

చేరే తేదీ ఎంచుకోవడమే సగం పని. సోమవారం వద్దు, ప్రజావాణి హడావిడి. బుధవారమో గురువారమో చేరితే మొదటి వారం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. బ్యాంకు వాళ్లు పింఛన్లు పడే నెల మొదటి రోజులు తప్పించాలి. టీచర్లు పదో తరగతి పరీక్షల ముందు చేరకపోతే మంచిది. రైస్ మిల్లు గుమాస్తా వడ్లు దిగే కాలంలో చేరితే రెండో రోజే రాత్రి దాకా కాంటా దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఆర్టీసీ వాళ్లకు దసరా, సంక్రాంతి రద్దీ.

గంటలు తగ్గించడం మన దగ్గర కష్టం. రూల్స్‌లో "మెల్లమెల్లగా చేరడం" అనే పద్ధతి లేదు. రెండు దారులున్నాయి. చేరిన తర్వాత వారానికి ఒకటి రెండు సార్లు సగం రోజు సీఎల్ వాడుకోవడం ఒకటి. రెండోది, నాకు నచ్చేది: గంటలు పూర్తిగా ఉంచి పని బరువు తగ్గించడం.

1, 2 వారాలు: తేలిక జాబితా మాత్రమే. గంటకు ఐదు నిమిషాలు లేచి నడవాలి. మధ్యాహ్నం ఒక్కరితో కలిసి తినాలి, గుంపులో వద్దు.

3, 4 వారాలు: మధ్యస్థం నుంచి ఒక్క పని. దాన్ని సత్తువ ఎక్కువగా ఉండే వేళ పెట్టుకోవాలి.

5, 6 వారాలు: మధ్యస్థం అన్నీ. బరువు జాబితా నుంచి ఒక పని (కౌంటర్, నగదు కాకుండా), పక్కన తోడుతో.

7, 8 వారాలు: సమీక్ష. మార్కులు మళ్లీ వేయాలి. ఆ తర్వాత తోడుతో కౌంటర్ దగ్గర అరగంట. నగదు పని అన్నిటికన్నా చివర.

అధికారి చేయాల్సింది మూడే: ఒకసారికి ఒక్క పని చెప్పడం, నోటిమాటతో పాటు చీటీ మీద రాసివ్వడం, శుక్రవారం పది నిమిషాలు కూర్చుని "ఏది కుదిరింది, ఏది కుదరలేదు" అని అడగడం. "ఇప్పుడు మనసెట్లుంది?" అని రోజూ అడగొద్దు. అది పరామర్శలా మొదలై నిఘాలా తగులుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. టీచరమ్మో ఏఎన్ఎమ్మో డ్యూటీలో చేరిన రోజు నుంచి ఇంట్లో వంట, నీళ్లు, పిల్లల హోంవర్కు కూడా ఆమె మీదికే తిరిగొస్తాయి. సెలవులో ఉన్నన్నాళ్లు సాయం చేసిన చేతులు "ఇప్పుడు బాగైంది కదా" అని ఆగిపోతాయి. ఆఫీసు పని ముక్కలు చేసినట్టే ఇంటి పనినీ కాగితం మీద రాసి, ఎవరిది ఏది అని ఎనిమిది వారాలకు పంచాలి. ఇది ఒప్పుకోని ఇంట్లో ఎంత మంచి ప్లానైనా నెల తిరక్కుండా కూలుతుంది.

8. షిఫ్టు, యంత్రం, స్టీరింగ్

షిఫ్టు డ్యూటీ: జడ్చర్ల, చౌటుప్పల్ ఫార్మా కంపెనీలు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. మొదటి మూడు నెలలు రాత్రి షిఫ్టు వద్దని డాక్టరుతో రాయించుకోండి. నిద్ర చెదిరితే డిప్రెషన్ తిరిగి రావడం తేలిక. వారం వారం మారే షిఫ్టు కన్నా రోజూ ఒకే షిఫ్టు మేలు, అది సెకండ్ షిఫ్టైనా సరే.

యంత్రాలు, ఎత్తులు, రసాయనాలు: మత్తు లేదని డాక్టరు చెప్పేదాకా బాయిలర్, క్రేన్, ఎత్తు మీద పని వద్దు. విషపు రసాయనాల స్టోరు తాళం ఈ మనిషి చేతిలో పెట్టొద్దు. కారణం వివరించాల్సిన పని లేదు, డ్యూటీ చార్టులో పేరు మార్చితే చాలు.

డ్రైవర్లు: డాక్టరు రాతపూర్వకంగా చెప్పకుండా స్టీరింగ్ పట్టొద్దు. అప్పటిదాకా డిపోలో వేరే పని అడగండి. పల్లె వెలుగు ట్రిప్పు చిన్నదే కదా అనుకోవద్దు.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

"పూర్తిగా బాగైనంక పోదాం." ఎదురుచూసిన కొద్దీ భయం ముదురుతుంది. సాధన ఇంట్లోనే మొదలుపెట్టండి, తేదీ తర్వాత చూసుకోవచ్చు.

మొదటి వారమే పాత బాకీ పని అంతా తీర్చాలనుకోవడం. గురువారానికి మంచం పడతారు. పెండింగు ఫైళ్లను లెక్కపెట్టించి కట్ట కట్టి, రోజుకు ఒకటో రెండో అని అధికారితోనే రాయించుకోండి.

ఒక చెడ్డ రోజు చూసి లీవు పెట్టేయడం. ముందుగానే చెడ్డ రోజు ప్లాను ఉండాలి: ఆ రోజు తేలిక జాబితాలో రెండు పనులు మాత్రమే, సాయంత్రం ఇంటికి, రేపు మళ్లీ రావాలి. వరుసగా మూడు రోజులు అలా ఉంటే థెరపిస్టుకు ఫోన్, కిందటి మెట్టుకు దిగడం.

జాలితో ఏ పనీ ఇవ్వకపోవడం. "నువ్వు ఊకె కూసో అన్నా, మేం చూసుకుంటం" అన్న ఆఫీసులో మనిషి ఇంకా కుంగిపోతాడు. తేలికైన పనే అయినా అది నిజంగా ఆఫీసుకు అవసరమైన పని అయి ఉండాలి.

గొడవ మూలాన్ని వదిలేయడం. వేధించే పైవాడి వల్లనో, ముగ్గురి పని ఒక్కరి మీద పడటం వల్లనో జబ్బు పడ్డ మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి సాధన చేయిస్తే థెరపీకి చెడ్డపేరు తప్ప ఇంకేమీ మిగలదు. సెక్షను మార్పో బదిలీయో ముందు తేల్చండి.

10. మళ్లీ జారుతున్న గుర్తులు: ఒక కాగితం

ఎవరి గుర్తులు వారివే. చేరిన నెలలోపు, మనసు బాగున్న రోజున, ఉద్యోగి చేత్తోనే రాయించండి.

☐ నా మొదటి గుర్తులు: (ఉదాహరణకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ, ఫోన్ ఎత్తకపోవడం, గడ్డం గీసుకోకపోవడం, ఒకే ఫైలు నాలుగుసార్లు చూడటం)
☐ ఇందులో రెండు గుర్తులు ఐదు రోజుల పాటు కనిపిస్తే నేను చేసేది:
☐ ఇంట్లో వాళ్లు చేసేది: (అరవకుండా ఒక్క మాట అడగడం, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడం)
☐ ఆఫీసులో వదిలేయాల్సిన పనులు:
☐ డాక్టరు నంబరు, థెరపిస్టు నంబరు, 14416

ఒక కాపీ ఇంట్లో, ఒకటి పర్సులో. ఆఫీసులో నమ్మకమైన మనిషికి ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టం.

మందులు ఆపే మాట ఎక్కువగా ఈ దశలోనే వస్తుంది. డ్యూటీ కుదిరింది, జీతం పడుతోంది, ఇంకెందుకు మాత్రలు అని. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవారికి కూడా బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు కొనసాగించమని డాక్టర్లు చెప్తారు, ఇంతకుముందు వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. ఆ అపాయింట్‌మెంటు తేదీలను సెలవు దరఖాస్తులతో సహా ఇప్పుడే క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి, ఓపీ చిట్టీ దానికి పిన్ను కొట్టి ఉంచండి.